'వద్దు' అనే మాట కూడా నేర్పండి: స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లకు, ప్రిన్సిపాళ్ళకు బహిరంగ లేఖ

తోటి టీచర్లకు, స్పెషల్ స్కూళ్ళు నడిపే ప్రిన్సిపాళ్ళకు,

నమస్కారం.

నేను టీచరైన కొత్తల్లో నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. ఏడేళ్ళుంటాయి. ఆటిజం. నోటితో మాట లేదు. రోజుకు నాలుగైదు సార్లు వచ్చి, నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, బీరువా తలుపు మీద పెట్టేవాడు. తలుపు తీస్తే అన్నీ లాగి పడేస్తాడని నా భయం. "వద్దు నాన్నా, కూర్చో" అని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. నెలాఖరు రిపోర్టులో "బీరువా దగ్గర మొండిపట్టు, దృష్టి మళ్ళించాలి" అని రాశాను కూడా.

ఆ బీరువాలో ఉన్నవి వాడి పిక్చర్ కార్డులు. లామినేషన్ చేయించి, వెనక వెల్క్రో అంటించి, పాడవకుండా ఉంటాయని తాళం వేసింది నేనే. రోజూ పదకొండింటికి 'కమ్యూనికేషన్ పీరియడ్'లో బయటికి తీసి, ఇరవై నిమిషాలయ్యాక మళ్ళీ లోపల పెట్టేదాన్ని. వాడు అడుగుతున్నది వాడి మాటల్ని. ఆ సంగతి నాకు తట్టడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. ఈ మధ్య కొత్త టీచర్లకు సాయంగా వాళ్ళ క్లాసులకు వెళ్ళి కూర్చుంటున్నాను. కార్డుల స్థానంలో చాలాచోట్ల, గడి నొక్కితే మాట పలికే టాబ్లెట్లు వచ్చాయి. బీరువా తాళాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎందుకని అడిగితే "ఛార్జింగ్ అయిపోతుంది మేడమ్", "పగలగొడతాడు మేడమ్" అంటారు. ఒకావిడ "ఇస్తే పొద్దస్తమానం అదే నొక్కుతూ కూర్చుంటాడండీ" అంది. మాట వచ్చిన పిల్లలు పొద్దస్తమానం వాగుతూనే ఉంటారు. వాళ్ళ నోళ్ళు మనం బీరువాలో పెట్టి తాళం వెయ్యడం లేదు కదా.

పిల్లలకు మాట నేర్పుతున్నాం అనుకుంటూ మనం చేసే పనిలో ఎక్కువ భాగం పరీక్ష పెట్టడమే. "ఇదేంటి? ఏ రంగు? బంతి చూపించు. కుక్కని ముట్టుకో." ఒకసారి నా క్లాసునే ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికెళ్ళి విన్నాను. నేను అడిగిన ప్రశ్నలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, కాసేపటికి సిగ్గేసి ఆపేశాను. ప్రతి ప్రశ్నకూ జవాబు నాకు ముందే తెలుసు. అది పిల్లలకూ తెలుసు. నాకు తెలిసిన విషయాన్ని నాకే మళ్ళీ చెప్పాలని ఏ పిల్లవాడికి అనిపిస్తుంది? ఆ పీరియడ్ మొత్తం మీద పిల్లలు తమంతట తాము నాతో ఏదైనా మొదలుపెట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. అందులోనూ కొన్నిటిని నేను పట్టించుకోలేదని రికార్డింగు వింటుంటే తెలిసింది. ఒకడు టేబుల్ మీద రెండుసార్లు కొట్టి ఆగాడు. నా గొంతు మాత్రం "ఇప్పుడు నీలం రంగు చూపించు" అంటూ సాగిపోయింది.

ఆ అలవాటు మానడానికి నాకు బాగా ఉపయోగపడినది నోరు మూసుకోవడం. ఇది మాటవరసకి అంటున్నది కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో మామూలు స్కూళ్ళలో సైన్సు క్లాసులు రికార్డు చేసి చూసింది. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. అది చకచకా మాట్లాడగల పిల్లల సంగతి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్ల విన్నది అర్థం చేసుకోవాలి, ఏం చెప్పాలో అనుకోవాలి, మాట వినని చేతిని బొమ్మల గడులున్న బోర్డు దాకా తీసుకెళ్ళాలి, వణికే వేలిని సరైన గడి మీద ఆపాలి. దీనికి మూడు సెకన్లు ఏ మూలకి?

నేను చేతులు వెనక్కి కట్టుకుని వేళ్ళు ముడుస్తూ పది లెక్కపెట్టేదాన్ని. మొదట్లో నాలుగో వేలికే నా గొంతు దురద పుట్టేది. మనలో చాలామందికి మౌనం అంటే టెన్షన్. పక్కన సూపర్‌వైజర్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు, క్లాసులో ఏమీ జరగట్లేదని అనుకుంటారేమోనని బెంగ. కానీ ఏడో వేలు, ఎనిమిదో వేలు దగ్గర జవాబులు రావడం నా కళ్ళతో చూశాను. అప్పటిదాకా ఆ పిల్లలకి జవాబు తెలియదని రిపోర్టుల్లో రాసినదాన్ని నేనే. మధ్యలో ప్రశ్నను మళ్ళీ అడిగినా పాడే. పాపం, సగం దూరం వచ్చిన పిల్ల మళ్ళీ మొదటి నుంచి బయల్దేరాలి.

ఇక తల్లిదండ్రుల భయం. "బొమ్మలు చూపించడం అలవాటైతే మాట రాదేమో." ఇది అనని తల్లి లేదు. తప్పు పట్టను, మాట కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషి భయం అది. కానీ టీచర్లు, థెరపిస్టులు కూడా "ముందు స్పీచ్ ట్రై చేద్దాం, రాకపోతే అప్పుడు బోర్డు చూద్దాం" అంటే మాత్రం కోపం వస్తుంది. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టారు. పద్ధతి ప్రకారం గట్టిగా నిలబడిన 27 మంది వివరాలు చూస్తే, బోర్డులు, సైగలు, పరికరాలు వాడటం మొదలుపెట్టాక వాళ్ళలో 89 శాతం మందికి నోటి మాట ఎంతో కొంత పెరిగింది. మిగిలినవాళ్ళలో మార్పు లేదు. ఉన్న మాట తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. చాలామందికి పెరిగింది కొంచెమే అని కూడా ఒప్పుకోవాలి. బోర్డు ఇస్తే నోటి మాట వచ్చేస్తుందని తల్లిదండ్రులకు ఆశ పెట్టకండి. పోతుందని భయపెట్టనూ వద్దు. రాని మాట కోసం ఐదేళ్ళు ఎదురుచూస్తే ఆ ఐదేళ్ళూ ఆ పిల్లవాడికి ఏ భాషా లేకుండా గడిచిపోతాయి.

బోర్డు ఇచ్చిన చోట జరిగే తప్పు ఇంకోటి. ఇచ్చి ఊరుకుంటాం. రెండు వారాలు చూసి "మేడమ్, వాడు వాడట్లేదు" అంటాం. పసిపిల్లకు మొదటి మాట వచ్చేసరికి సుమారు ఏడాది పడుతుంది. ఆ ఏడాదంతా ఇంటిల్లిపాదీ పాపతో మాట్లాడుతూనే ఉంటారు. నీళ్ళు తాగిస్తూ, బట్టలు వేస్తూ, ఎత్తుకుని తిప్పుతూ. బోర్డు భాష ఈ పిల్లలతో ఎవరు మాట్లాడుతున్నారు? వాళ్ళ చుట్టూ అందరూ నోటితో మాట్లాడుతూ, వాళ్ళని మాత్రం వేలితో చెప్పమంటే ఎలా? మనమే బోర్డు మీద చూపిస్తూ మాట్లాడాలి. "ఇంకా... ఆడదాం" అంటూ 'ఇంకా' మీద వేలు, 'ఆడు' మీద వేలు. తిరిగి ఏమీ ఆశించకుండా. నేను ఒక గుడ్డకు బోర్డు కుట్టించి ఏప్రన్ లాగా కట్టుకునేదాన్ని. చూసినవాళ్ళు నవ్వారు. ఎక్కడికెళ్ళినా బోర్డు నాతోనే ఉండేది, మర్చిపోయే పని లేదు.

బోర్డు మీద ఏ మాటలు ఉన్నాయో కూడా ఒకసారి చూడండి. ఎక్కువగా కనిపించేవి వస్తువుల పేర్లు. బంతి, కారు, ఏనుగు. ఏనుగు అని చెప్పాల్సిన అవసరం మనకి ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ మీద జరిగిన అధ్యయనాల్లో తేలిందేమిటంటే, రోజువారీ మాటల్లో సుమారు 80 శాతం కొద్ది వందల మాటలతోనే నడిచిపోతుంది. అవన్నీ నువ్వు, నేను, అది, ఇంకా, రా, వెళ్ళు, ఆపు లాంటివి. బొమ్మ గీయడానికి వీలుగా ఉంటాయని మనం నామవాచకాలు ఎంచుకుంటున్నాం తప్ప పిల్లలకు పనికొస్తాయని కాదు. 'ఆపు' అనే ఒక్క మాట పాట దగ్గర, ఊయల దగ్గర, గిచ్చుతున్న పక్కవాడి దగ్గర, విసిగిస్తున్న టీచరు దగ్గర, అన్నిచోట్లా పనిచేస్తుంది.

టీచరు దగ్గర కూడానా అని ఎవరైనా నొసలు చిట్లించి ఉంటే, ఈ ఉత్తరం రాస్తున్నది వాళ్ళకోసమే.

మన పిల్లలకు 'కావాలి' నేర్పడానికి చాలా కష్టపడతాం. మంచిదే. ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో రూపొందించిన పిక్చర్ ఎక్స్‌చేంజ్ పద్ధతి మొదలయ్యేది కూడా అక్కడే. పిల్లవాడు తనకు కావలసినదాని బొమ్మను అవతలి మనిషి చేతిలో పెడతాడు, అది దొరుకుతుంది. ఎవరూ ప్రశ్న అడగకుండా పిల్లవాడే మొదలుపెట్టేలా ఆ పద్ధతిలో జాగ్రత్త తీసుకున్నారు, అది నాకు నచ్చుతుంది. కానీ చాలా క్లాసులు ఆ మొదటి మెట్టు మీదే ఏళ్ళ తరబడి కూర్చుండిపోయాయి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఇంకా 'కావాలి' కార్డు ఇచ్చి వస్తువు తీసుకోవడంతోనే సరిపెట్టుకుంటున్నాడు. వాడికి వద్దనే హక్కు లేదు. "నాకు బోర్ కొడుతోంది" అనే వీలు లేదు. "అది నిజం కాదు" అని మనల్ని కాదనే దారి లేదు.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో 'నో' ఒక్కటి చాలు. మనకు 'వద్దు' వేరు, 'లేదు' వేరు, 'కాదు' వేరు. ఇంగ్లీషు నుంచి దిగుమతి చేసుకున్న బోర్డులో వీటన్నిటికీ కలిపి ఒకే ఎర్ర ఇంటూ గుర్తు ఉంటుంది. నా క్లాసులో ఒక అమ్మాయికి బ్యాగ్ చేతికిచ్చాను, ఆమె ఇంటూ గుర్తు ముట్టుకుంది. 'వద్దు' అంటోందనుకుని బ్యాగ్ తీసి పక్కన పెట్టాను. మళ్ళీ ఇంటూ. మళ్ళీ ఇంటూ. చివరికి ఏడుపు, తల బాదుకోవడం. సాయంత్రం తెలిసింది, ఆ రోజు ఇద్దరు పిల్లల బ్యాగులు తారుమారయ్యాయి. ఆ పిల్ల చెబుతున్నది 'వద్దు' కాదు, "ఇది నాది కాదు" అని. పొద్దున్నుంచీ సరైన మాటే చెబుతోంది. దానికి సరిపోయే గుర్తు బోర్డు మీద మేం పెట్టలేదు. మర్నాడే ఇంటూ తీసేసి మూడు వేర్వేరు గడులు పెట్టాం. 'వద్దు'కు తోసేస్తున్న చెయ్యి, 'లేదు'కు ఖాళీ గిన్నె, 'కాదు'కు రెండు వేర్వేరు వస్తువుల మధ్య గీత. బొమ్మలు అంత గొప్పగా ఏమీ లేవు, కానీ పిల్లలు తేడా పట్టేశారు.

ఇప్పుడు 'ప్రాబ్లం బిహేవియర్' దగ్గరికి వస్తాను. కొరకడం, విసరడం, తల బాదుకోవడం. 1985లోనే కార్, డ్యూరండ్ అనే ఇద్దరు నలుగురు పిల్లలతో చేసిన అధ్యయనం ఉంది. ఆ పిల్లల గొడవకు కారణం ఏమిటో ముందు కనిపెట్టారు. పని కష్టమైనప్పుడు తప్పించుకోవడానికా, పెద్దవాళ్ళు తమవైపు చూడాలనా అని. తర్వాత ఆ కారణానికి సరిపోయే మాట నేర్పారు. పని కష్టమైతే "నాకు అర్థం కావట్లేదు", శ్రద్ధ కావాలంటే "నేను బాగా చేస్తున్నానా?" గొడవ బాగా తగ్గింది. అసలు విషయం ఏమిటంటే, కారణానికి సంబంధం లేని మాట నేర్పినప్పుడు తగ్గలేదు. మనం చాలాసార్లు చేసేది ఆ రెండోదే. శబ్దం భరించలేక కొరికే పిల్లకి 'ప్లీజ్', 'సారీ' నేర్పుతాం.

నా దగ్గర అలా కొరికే అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె చేతికి ఎప్పుడూ అందేలా నడుముకి ఒక రింగు కట్టి, దానికి 'వద్దు' కార్డు తగిలించాం. మొదటి మూడు వారాలు నరకం. రాయడం వద్దు, కూర్చోవడం వద్దు, ప్రేయర్ వద్దు, నేను వద్దు. ప్రిన్సిపాల్ పిలిచి, "ఇలా ప్రతిదానికీ వద్దంటే వింటూ పోతే డిసిప్లిన్ ఏం కావాలి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను అన్నది ఇది: మొదట్లో ప్రతిసారీ వింటాం, ఎందుకంటే ఆ మాట పనిచేస్తుందని ఆమెకు నమ్మకం కుదరాలి. మందు మింగడం లాంటి తప్పనివాటికి కూడా "నీకు వద్దని తెలిసింది, అయినా ఇది తప్పదు, తర్వాత నువ్వు చెప్పిన ఆట" అని జవాబిస్తాం. మాట విన్నామని చెప్పడం వేరు, అడిగినదల్లా ఇచ్చెయ్యడం వేరు. నెలన్నర దాటాక 'వద్దు' తగ్గడం మొదలైంది, కొరకడం అంతకంటే ముందే తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, జ్వరం వచ్చిన రోజుల్లో మళ్ళీ వచ్చేది. నా ముంజేతి మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది.

ఈ 'వద్దు' గురించి నేను ఇంత పట్టుబట్టడానికి క్లాసు డిసిప్లిన్ కంటే పెద్ద కారణం ఉంది. మన పిల్లల్ని రోజూ చాలామంది ముట్టుకుంటారు. బట్టలు మారుస్తారు, బాత్రూమ్‌కి తీసుకెళ్తారు, ఎత్తి కుర్చీలో కూర్చోబెడతారు. ఎవరు ముట్టుకున్నా ఊరుకోవాలని, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలని ఏళ్ళ తరబడి మనమే శిక్షణ ఇస్తాం. ఎవరైనా దుర్మార్గుడు అదే అలవాటును వాడుకుంటే ఆ పిల్ల ఎలా కాదంటుంది? జరిగింది ఎవరికైనా ఎలా చెబుతుంది? మీ క్లాసులోని బోర్డులు ఈ రోజే తీసి చూడండి. వాటి మీద శరీర భాగాల పేర్లు, రహస్యాంగాలతో సహా, ఉన్నాయా? 'నొప్పి', 'భయం', 'కొట్టారు', 'ముట్టుకున్నారు' ఉన్నాయా? క్లాసులో, వ్యానులో, ఇంట్లో ఆ పిల్ల రోజూ చూసే ప్రతి మనిషి ఫొటో ఉందా? ఎబ్బెట్టుగా ఉంటుందని ఆ మాటలు తీసేసిన బోర్డులు నేను చూశాను. తల్లిదండ్రుల మీటింగులో ఈ విషయం ఎత్తినప్పుడు మొదట గుసగుసలు లేచాయి. తర్వాత ఒక నాన్నగారు లేచి, "మా అమ్మాయి బోర్డులో ముందు అవే పెట్టండి" అన్నారు.

మాట వచ్చినా మనం వినిపించుకోని పిల్లలు ఉన్నారు, వాళ్ళనీ తల్చుకోవాలి. విన్నదాన్నే తిరిగి అనే పిల్లలు. వాళ్ళని "చిలక పలుకులు" అని కొట్టేస్తాం. బారీ ప్రిజంట్ లాంటివాళ్ళు 1980ల నుంచే చెబుతున్నారు, ఆ పలుకుల వెనక చాలాసార్లు అర్థం ఉంటుందని. మా దగ్గర ఒకడు ఉన్నట్టుండి "బ్యాగులు సర్దుకోండి, బ్యాగులు సర్దుకోండి" అనేవాడు. అది వాడి మొదటి టీచరు సాయంత్రం బెల్లు కొట్టేముందు చెప్పే మాట. వాడి భాషలో దానర్థం "ఇక నావల్ల కాదు, ఇక్కడి నుంచి వెళ్ళిపోవాలి." ఆ సంగతి తెలిసినవాళ్ళు వాడిని కాసేపు బయట తిప్పి తీసుకొచ్చేవాళ్ళు. తెలియనివాళ్ళు "ఇంకా టైమ్ కాలేదు, నోర్మూసుకో" అనేవాళ్ళు, ఆ తర్వాత కుర్చీలు ఎగిరేవి. ఇలాంటివి ఆ పిల్లవాడి తల్లికి, ఆయమ్మకి, వ్యాన్ డ్రైవర్‌కి తెలుస్తాయి. ఒక్క పేజీలో రాసి క్లాసు తలుపు వెనక అంటించండి. 'ఇలా అంటే ఇది, ఇలా చూస్తే ఇది.' కొత్తగా వచ్చిన టీచరు మొదటి రోజే చదువుకుంటుంది.

ఒక హెచ్చరిక కూడా రాయక తప్పదు. పిల్లల చెయ్యో మణికట్టో మనం పట్టుకుని అక్షరాల మీద నడిపిస్తే, మాటలే లేని పిల్లలు ఏకంగా వ్యాసాలు రాసేస్తారని చెప్పే పద్ధతి ఒకటి ఉంది. తల్లిదండ్రులకు అది అద్భుతంలా కనిపిస్తుంది. పిల్లకు ఒక బొమ్మ, పట్టుకున్నవాళ్ళకు వేరే బొమ్మ చూపించి పరీక్షిస్తే, బయటికొచ్చిన మాట పట్టుకున్నవాళ్ళు చూసిందే అయింది. అమెరికన్ స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో కూడా దాన్ని వాడవద్దని స్పష్టంగా చెప్పింది. అది చేసేవాళ్ళలో చాలామంది మోసగాళ్ళు కారు, తమ చెయ్యే నడిపిస్తోందని వాళ్ళకే తెలియదు. అందుకే ఇంకా ప్రమాదం. పిల్లకి మాట ఇస్తున్నాం అనుకుంటూ ఉన్న మాట కూడా లాగేసుకున్నట్టు అవుతుంది. చెయ్యి వణికితే చెయ్యి ఆన్చుకోవడానికి ఆసరా ఇవ్వండి, గడులు పెద్దవి చెయ్యండి, కళ్ళతో చూపించేలా చెయ్యండి. వేలు మాత్రం వాళ్ళదే అయ్యుండాలి.

ఈ సందర్భంలో చార్లెస్ బ్లిస్ అనే ఆయన గుర్తొస్తాడు. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడి, షాంఘైలో చైనా లిపి చూసి ముచ్చటపడి, దేశాలన్నీ ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి బొమ్మల భాష ఒకటి తయారుచేసి 1949లో పుస్తకంగా వేశాడు. ప్రపంచం దాన్ని పట్టించుకోలేదు. 1971లో కెనడాలోని టొరంటోలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలతో పనిచేసే టీచర్లకు అది దొరికింది. నోరు పెగలని పిల్లలు ఆ గుర్తులతో మాట్లాడటం మొదలుపెట్టారు. బ్లిస్ మొదట ఎంతో సంతోషించాడు. తర్వాత తన గుర్తుల్ని వాళ్ళు మార్చేస్తున్నారని ఆ సెంటర్‌తో ఏళ్ళ తరబడి తగువులాడాడు. ఆయన బాధ ఆయనది. నాకు మాత్రం ఆయన్ని తల్చుకున్నప్పుడల్లా మన థెరపీ మీటింగులు గుర్తొస్తాయి. "కార్డుల పద్ధతిలో ఇంకా మూడో దశ పూర్తవలేదు, అప్పుడే ఆ కార్డు ఎలా ఇస్తారు?" అని వాదించుకుంటాం. పిల్లవాడు దశలు దాటి సైగ, శబ్దం, కార్డు, తల ఊపడం కలగలిపి ఏదో చెప్పేసి ఉంటాడు. మనం గమనించం.

ప్రిన్సిపాళ్ళూ, ఇప్పుడు మీతో. టీచరు ఒక్కతే చెయ్యలేనివి కొన్ని ఉన్నాయి.

క్లాసు నిశ్శబ్దంగా ఉంటే మెచ్చుకోవడం మానండి. మీరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోవడం చూసి "వెరీ గుడ్" అన్న ప్రతిసారీ టీచరు ఒక పాఠం నేర్చుకుంటుంది, బోర్డు మళ్ళీ బీరువాలోకి వెళ్తుంది. ఐఈపీలో, అంటే ఒక్కో పిల్లకు విడిగా రాసే చదువు ప్రణాళికలో, "5కి 4 సార్లు సరిగ్గా చూపిస్తాడు" అనే లక్ష్యంతో పాటు "రోజులో తనంతట తాను ఎన్నిసార్లు మొదలుపెట్టాడు, ఎవరితో" అనే గడి కూడా పెట్టించండి. 'ఎవరితో' అనేది చూస్తే మీకే తెలుస్తుంది. మా స్కూల్లో మొదటిసారి ఆ గడి నింపినప్పుడు దాదాపు అన్నిటి పక్కనా టీచరు పేరే వచ్చింది. పక్క కుర్చీలో మూడేళ్ళుగా కూర్చున్న తోటిపిల్ల పేరు ఎక్కడా లేదు. ఆ తర్వాతే వస్తువులు పంచే పని నా నుంచి తీసి పిల్లలకు అప్పగించాం. ఆట సామాను కావాలంటే టీచరు దగ్గరికి రావడం లేదు, ఆ వారం సామాను ఎవరి చేతిలో ఉందో వాళ్ళని అడగాలి. ఇచ్చే పిల్ల కూడా "లేదు, తర్వాత" అనొచ్చు. కొట్లాటలు అయ్యాయి. కొట్లాడుకోవాలన్నా ఒకరినొకరు పట్టించుకోవాలి కదా.

ఆయమ్మలకు ట్రైనింగ్ ఇప్పించండి. పిల్లలతో ఎక్కువసేపు గడిపేది, వాళ్ళ ఒళ్ళు ఎరిగినది వాళ్ళే. మీటింగుల్లో వాళ్ళకు మాత్రం కుర్చీ ఉండదు.

అన్నిటికంటే నన్ను బాధించిన విషయం ఇంకా చెప్పలేదు. నేను పనిచేసిన ఒక స్కూల్లో ఏడాది చివర టాబ్లెట్లన్నీ వెనక్కి తీసుకుని లెక్క చూసి స్టోర్‌లో పెట్టేవారు. స్కూలు ఆస్తి కదా, రూలు రూలే. సెలవులన్నాళ్ళూ ఆ పిల్లలు మూగవాళ్ళు. తెరిచాక కొత్త క్లాసు, కొత్త టీచరు, నంబరు ప్రకారం చేతికొచ్చిన వేరే టాబ్లెట్, అందులో వేరే పిల్లవాడి మాటలు. ఏడాది కష్టపడి 'కుడివైపు మూలన ఉన్నది ఆపు' అని వేలికి అలవాటు చేసుకున్న పిల్ల, ఆ మూల నొక్కితే 'నీలం' అని వినబడి నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. కళ్ళద్దాలు ఏడాది చివర ఎవరైనా వెనక్కి తీసుకుంటారా? టాబ్లెట్ ఇంటికివ్వడం కుదరకపోతే అవే గడులతో కాగితం బోర్డు ఒకటి ప్రింటు తీసి ఇంటికి పంపండి. అది విరగదు, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు. క్లాసు మారినా గడుల చోటు మార్చకండి.

ఇదంతా టీచర్ల దయమీద నడిచే విషయం అనుకోకండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం రెండో ఆర్టికల్‌లోనే కమ్యూనికేషన్ అంటే ఏమిటో రాసి ఉంది. నోటి మాట, సైగల భాష, బ్రెయిలీ, స్పర్శ, ఇలాంటి బోర్డులు, పరికరాలు అన్నీ అందులోకే వస్తాయి. ఎవరైనా "అది నిజంగా మాట్లాడటం కాదు కదా" అంటే ఆ పేజీ చూపించండి.

ఇంకా రాయాలనే ఉంది. చెవుడు, చూపు లోపం రెండూ ఉన్న పిల్లల గురించి ఒక్క ముక్కా రాయలేదు, అది నాకంటే బాగా తెలిసినవాళ్ళు రాయాలి. కానీ ఇప్పుడు మధ్యాహ్నం విరామంలో క్లాసులోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఒక అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. కాగితాల వైపు చూసి, బోర్డు మీద 'ఏమిటి' ముట్టుకుంది. నేను అడగకుండా ఆమె నన్ను ప్రశ్న అడగడం నాకు తెలిసి ఇది రెండోసారి. 'నేను', 'రాయడం', 'నువ్వు' అని చూపించాను, నీ గురించి రాస్తున్నానని. కాసేపు కాగితం వంక చూసింది. ఎనిమిదో వేలు ముడిచేసరికి జవాబు వచ్చింది.

'చాలు'. తర్వాత 'ఆడు'.

వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక స్పెషల్ టీచర్